ఘన బ్యాటరీకి 4 వోల్టుల గండం

* మండే ద్రవం బదులు ప్లాస్టిక్ పొర.. అర్ధ శతాబ్దంగా అన్వేషణ
* లిథియంతో పొసిగే పాలిమర్ అధిక వోల్టేజీకి ఓర్వదు.. ఓర్చేది లిథియంతో పొసగదు
* రెండు పొరలను జతచేసి చిక్కుముడి విప్పే యత్నం
* తిరుపతి, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లోనూ పాలిమర్లపై పరిశోధనలు

తిరుపతి: 2022 ఏప్రిల్ మూడో వారం. నిజామాబాద్‌లోని ఓ ఇంట్లో రాత్రివేళ ఛార్జింగ్‌కు పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. వారమైనా గడవకముందే విజయవాడలో అదే తీరు దుర్ఘటన. ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించగా, భార్యాపిల్లలు గాయాలపాలయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ ద్విచక్ర వాహనాల విక్రయశాల నుంచి ఎగసిన మంటలు, పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేయడంతో ఎనిమిది మంది మృత్యువాత పడ్డారు.

ప్రతి ప్రమాదానికీ తక్షణ కారణం వేరు కావచ్చు. సెల్ తయారీలో లోపం ఒకచోట, నాసిరకం ఛార్జర్ మరోచోట, పర్యవేక్షణ సర్క్యూట్ పనిచేయకపోవడం ఇంకోచోట. అయితే బ్యాటరీ లోపల నిప్పు రాజుకున్నాక దానికి ఆజ్యం పోసే పదార్థం మాత్రం దాదాపు అన్నిటా ఒక్కటే. సెల్‌లో నింపిన ద్రవం. అది నీరు కాదు, ఆమ్లం అంతకన్నా కాదు. పెట్రోలు మాదిరిగా మండే స్వభావమున్న కర్బన ద్రావణి. ఆ ద్రవాన్ని తీసేసి దాని స్థానంలో పలుచని ప్లాస్టిక్ పొరను ఉంచగలిగితే బ్యాటరీ ఎంతో భద్రమవుతుందన్న ఆలోచన నేటిది కాదు. దాదాపు యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు దానిపై శ్రమిస్తున్నారు. మరి అది ఇంటింటి స్కూటర్‌లోకి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు సమాధానంలో ఎక్కువ భాగం 4 వోల్టులు అనే చిన్న అంకె చుట్టూనే తిరుగుతోంది.

సెల్ లోపల ఏముంటుంది?

లిథియం అయాన్ సెల్‌లో ప్రధానంగా మూడు భాగాలుంటాయి. ఒకవైపు రుణ ధ్రువం. ఇందులో సాధారణంగా గ్రాఫైట్ వాడతారు. మరోవైపు ధన ధ్రువం. ఇది లిథియంతో కోబాల్ట్, నికెల్, మాంగనీసు లేదా ఇనుము వంటి లోహాలు కలిసిన సమ్మేళనం. ఈ రెండింటి నడుమ ఉండేది విద్యుద్విశ్లేష్యం. వాడుకలో ఎలక్ట్రోలైట్ అంటారు. ఛార్జింగ్ సమయంలో లిథియం అయాన్లు ధన ధ్రువాన్ని విడిచి, ఎలక్ట్రోలైట్‌ను దాటుకుని గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. వాహనం నడిచేటప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం ఈ మార్గం నిషిద్ధం. అవి బయటి తీగ గుండా మోటారును తిప్పుతూ చుట్టూ తిరిగి రావలసిందే. అంటే అయాన్లకు దారి ఇవ్వడం, ఎలక్ట్రాన్లను అడ్డగించడం ఎలక్ట్రోలైట్ చేయవలసిన రెండు పనులు.

ఇన్వర్టర్ బ్యాటరీలో ఈ పనిని ఆమ్లం కలిసిన నీరు చేస్తుంది. లిథియం సెల్‌లో నీటికి చోటు లేదు. లిథియం నీటిని తాకితే తీవ్రంగా చర్య జరుపుతుంది. పైగా అంత వోల్టేజీ వద్ద నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. అందుకే ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ వంటి కర్బన ద్రావణుల్లో లిథియం లవణాన్ని కరిగించి వాడతారు. 1991లో సోనీ సంస్థ తొలి లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన నాటి నుంచి ఈ పద్ధతే కొనసాగుతూ వచ్చింది. ఈ బ్యాటరీకి బాటలు వేసిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యొషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ద్రవంలో అయాన్లు సులువుగా కదులుతాయి. ధ్రువాల సందుగొందుల్లోకి అది తనంతట తానే ఇంకిపోతుంది. ఈ రెండూ దాని గొప్ప గుణాలు. సెల్ వేడెక్కినప్పుడు ఆవిరై, ఒత్తిడి పెంచి, పగులులోంచి చిమ్ముకొచ్చి అంటుకోవడం దాని దోషం.

ప్లాస్టిక్‌లో అయాన్ల నడక

ఘన పదార్థంలో అయాన్లు కదలడమేమిటన్న సందేహం సహజం. 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ రైట్, ఆయన సహచరులు పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో సోడియం, పొటాషియం వంటి క్షార లోహాల లవణాలు కరుగుతాయని గుర్తించారు. ఉప్పు నీటిలో కరిగినట్లే లవణం ప్లాస్టిక్‌లో కరుగుతుందన్న మాట. ఇలాంటి పొరను బ్యాటరీలో ఎలక్ట్రోలైట్‌గా వాడవచ్చని ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ ఆర్మాండ్ 1978లో ప్రతిపాదించారు. పాలిమర్ ఎలక్ట్రోలైట్ల చరిత్రకు ఇదే నాంది.

పాలీ ఇథిలీన్ ఆక్సైడ్‌ను క్లుప్తంగా పీఈఓ అంటారు. దీని అణువు చాలా పొడవైన గొలుసు. ఆ గొలుసులో ప్రతి రెండు కర్బన పరమాణువుల తర్వాత ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటుంది. ఆక్సిజన్‌కు లిథియం అయాన్‌ను ఆకర్షించే గుణం ఉంది. నాలుగైదు ఆక్సిజన్లు చుట్టూ చేరి ఒక అయాన్‌ను పట్టుకుంటాయి. గొలుసు మెలికలు కదిలినప్పుడు ఒక గుంపు పట్టు వదలగా పక్క గుంపు అందుకుంటుంది. జాతరలో తప్పిపోయిన పిల్లవాణ్ని జనం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందిస్తూ బయటకు చేర్చినట్లు అయాన్ ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి చేరుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గొలుసు కదిలితేనే అయాన్ కదులుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద పీఈఓ గొలుసుల్లో చాలా భాగం పేరుకున్న నెయ్యిలా గడ్డకట్టి, స్ఫటిక రూపంలో బిగుసుకుని ఉంటుంది. అప్పుడు దాని అయాన్ వాహకత ద్రవ ఎలక్ట్రోలైట్‌తో పోలిస్తే పదివేల వంతు, కొన్ని సందర్భాల్లో అంతకన్నా తక్కువ. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ స్ఫటికాలు కరిగి గొలుసులు వదులవుతాయి. అప్పుడు గానీ వాహకత పనికివచ్చే స్థాయికి చేరదు. రోహిణి కార్తెలో రెంటచింతల ఎండ కూడా ఈ బ్యాటరీకి చాలదన్న మాట.

మరో లోపమూ ఉంది. లవణంలో లిథియం ధనావేశ అయాన్‌తో పాటు రుణావేశ అయాన్ కూడా ఉంటుంది. పీఈఓలో లిథియాన్ని ఆక్సిజన్లు గట్టిగా పట్టుకుంటాయి కనుక ప్రవాహంలో అధిక భాగాన్ని రుణావేశ అయాన్లే మోస్తాయి. లిథియం వాటా సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు వరకే. ఫలితంగా వేగంగా ఛార్జి చేయడం కష్టమవుతుంది.

పారిస్ వీధుల్లో పరీక్ష

ఇన్ని లోపాలున్నా పాలిమర్ బ్యాటరీ ప్రయోగశాలకే పరిమితం కాలేదు. కెనడాలో హైడ్రో-క్యూబెక్ అనే విద్యుత్ సంస్థ దీనిపై ఏళ్ల తరబడి కృషి చేసింది. అక్కడి అనుబంధ కంపెనీ అవెస్టర్ 2006లో దివాలా తీయగా, ఫ్రాన్స్‌కు చెందిన బొలోరె వ్యాపార సంస్థ 2007లో ఆ ఆస్తులను కొనుగోలు చేసింది. 2011 డిసెంబరులో పారిస్‌లో ప్రారంభమైన ఆటోలిబ్ అనే అద్దె విద్యుత్ కార్ల పథకంలో ఈ బ్యాటరీలనే వాడారు. ఒక్కో కారులో 30 కిలోవాట్ అవర్ల సామర్థ్యం గల బ్యాటరీ అమర్చారు. 2018 జులై వరకు ఆ పథకం నడిచింది. అదే కోవకు చెందిన బ్యాటరీలు బస్సుల్లోనూ చోటు చేసుకున్నాయి.

ఈ బ్యాటరీలో రుణ ధ్రువం గ్రాఫైట్ కాదు, పలుచని లిథియం లోహపు రేకు. ఒక గ్రాము గ్రాఫైట్ గరిష్ఠంగా 372 మిల్లీ ఆంపియర్ అవర్ల విద్యుదావేశాన్ని దాచుకుంటే, ఒక గ్రాము లిథియం లోహం 3,860 దాచుకోగలదు. పదింతలు పైమాటే. ద్రవ ఎలక్ట్రోలైట్‌తో లిథియం లోహాన్ని వాడితే ఛార్జింగ్ సమయంలో దానిపై ముళ్లపొదల్లా లోహపు కొమ్మలు పెరిగి, అవతలి ధ్రువాన్ని తాకి షార్ట్ సర్క్యూట్‌కు దారితీస్తాయి. 1989లో కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ కంపెనీ తన లిథియం లోహ బ్యాటరీలు ఫోన్లలో అంటుకోవడంతో వాటిని వెనక్కి రప్పించవలసి వచ్చింది. పాలిమర్ పొర ఈ కొమ్మలను కొంత మేరకు నిలువరించగలదు. అయితే పూర్తిగా ఆపలేదు.

పారిస్ బ్యాటరీకి రెండు షరతులు. అది ఎల్లప్పుడూ 60 నుంచి 80 డిగ్రీల వేడిలో ఉండాలి. కారు ఆగి ఉన్నా తీగ తగిలించి వెచ్చగా ఉంచవలసిందే. రెండోది, ధన ధ్రువంగా తక్కువ వోల్టేజీ పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌నే వాడాలి. ఈ రెండో షరతే ప్రస్తుత కథకు మూలం.

ఘన ఎలక్ట్రోలైట్ అంటే అగ్ని ప్రమాదానికి పూర్తిగా తెర పడినట్లు కాదని కూడా పారిసే నేర్పింది. నిజామాబాద్, విజయవాడ దుర్ఘటనలు జరిగిన 2022 ఏప్రిల్ నెలలోనే పారిస్‌లో ఈ తరహా బ్యాటరీలున్న రెండు సిటీ బస్సులు దగ్ధమయ్యాయి. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. నగర రవాణా సంస్థ ముందుజాగ్రత్తగా 149 బస్సులను తాత్కాలికంగా నిలిపివేసింది. పీఈఓ సైతం మండే పదార్థమే. లిథియం లోహం 180 డిగ్రీల వద్ద కరుగుతుంది. ద్రవంలా ఆవిరై చిమ్మకపోవడం పాలిమర్‌కున్న మేలు. అసలే మండకపోవడం దాని గుణం కాదు.

వోల్టేజీ పెంచడం ఎందుకు?

బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి రెండు అంశాలపై ఆధారపడుతుంది. ఎంత విద్యుదావేశం దాచింది, దాన్ని ఎంత వోల్టేజీ వద్ద దాచింది అన్నవే అవి. చెరువుతో పోల్చి చూస్తే విషయం బోధపడుతుంది. నీటి పరిమాణం ఒక్కటే చాలదు, ఎంత ఎత్తు నుంచి దూకుతుందన్న దానిపైనే నీటి బలం ఆధారపడుతుంది. వోల్టేజీ ఆ ఎత్తు వంటిది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లిథియంతో పోల్చినప్పుడు సుమారు 3.4 వోల్టుల వద్ద పనిచేస్తుంది. నికెల్, మాంగనీసు, కోబాల్ట్ కలిసిన పదార్థం సగటున 3.8 వోల్టుల వద్ద పనిచేస్తూ, పూర్తిగా ఛార్జి అయ్యేసరికి 4.2 నుంచి 4.3 వోల్టులకు చేరుతుంది. లిథియం, నికెల్, మాంగనీసులతో కూడిన స్పినెల్ జాతి పదార్థం 4.7 వోల్టులను అందుకుంటుంది. మొదటి పదార్థం ఒక గ్రాముకు సుమారు 160 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తే, నికెల్ అధికంగా ఉన్న రెండోది 200 వరకు ఇస్తుంది. లెక్క కడితే గ్రాముకు 0.54 వాట్ అవర్లు ఒకటి, 0.76 వాట్ అవర్లు మరొకటి. అంటే ధన ధ్రువం బరువు పెరగకుండానే దాదాపు 40 శాతం అదనపు శక్తి.

స్కూటర్ బ్యాటరీ కూర్పులోనూ ఈ తేడా కనిపిస్తుంది. 48 వోల్టుల బ్యాటరీ కూర్చాలంటే 3.2 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు 15 వరుసగా పేర్చాలి. 3.7 వోల్టుల సెల్‌లైతే 13 చాలు. 4.6 వోల్టుల సెల్‌లు అందుబాటుకు వస్తే పది పదకొండుతో సరిపోతుంది. సెల్‌లు తగ్గితే అతుకులు, తీగలు, పర్యవేక్షణ సర్క్యూట్ల భారమూ తగ్గుతుంది. కనుక ఎక్కువ దూరం, తక్కువ బరువు కోరేవారికి అధిక వోల్టేజీ తప్పనిసరి. పాలిమర్ పొర ఆ పదార్థాలతో కలిసి బతకగలిగితేనే దానికి భవిష్యత్తు.

4 వోల్టుల వద్ద జరిగేదేమిటి?

పూర్తిగా ఛార్జి అయిన ధన ధ్రువం ఎలక్ట్రాన్ల కోసం ఆబగా ఉంటుంది. వోల్టేజీ పెరిగే కొద్దీ ఆ ఆకలి పెరుగుతుంది. పక్కనే ఆనుకుని ఉన్న ఎలక్ట్రోలైట్ నుంచైనా ఎలక్ట్రాన్లను లాక్కోవడానికి యత్నిస్తుంది. దీన్నే ఆక్సీకరణం అంటారు. పీఈఓలో లిథియాన్ని ఆకర్షించే ఆ ఆక్సిజన్ల వద్దే సులువుగా ఊడివచ్చే ఎలక్ట్రాన్లు ఉన్నాయి. ఏ గుణం దాన్ని మంచి వాహకంగా చేసిందో అదే గుణం దాన్ని బలహీనం చేసింది. సుమారు 3.8 నుంచి 4 వోల్టులు దాటితే గొలుసులు తెగడం, వాయువులు వెలువడడం మొదలవుతుందని అనేక పరిశోధనలు తేల్చాయి. 3.4 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్‌తో పీఈఓ సజావుగా సాగడానికి, 4.3 వోల్టుల పదార్థంతో త్వరగా చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ద్రవ ఎలక్ట్రోలైట్ కూడా ఇంత వోల్టేజీ వద్ద కొంత చెడుతుంది. అయితే చెడిన పదార్థమే ధ్రువాలపై పలుచని రక్షణ పొరగా ఏర్పడుతుంది. ఎక్కడైనా ఆ పొర చిట్లితే ద్రవం అక్కడికి పారి మళ్లీ కప్పేస్తుంది. పాలిమర్‌కు అలా పారే వెసులుబాటు లేదు. ఒకసారి తెగిన చోట సందు అలాగే మిగిలిపోతుంది.

ఇంతకీ గొలుసులో ముందుగా తెగేది ఏ భాగం? కెనడాలోని వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో దీనిపై దృష్టి సారించారు. గొలుసు నడిమి భాగం కంటే దాని చివర ఉండే హైడ్రాక్సిల్ సమూహమే ముందుగా ఆక్సీకరణం చెందుతున్నట్లు వారు చూపారు. ఆ చివరను మిథాక్సీ సమూహంతో మార్చగా ఓర్చుకునే హద్దు 4.05 నుంచి 4.3 వోల్టులకు పెరిగింది. తాడు కొస పీచు విడకుండా ముడి వేసినట్లు అన్నమాట.

అదే ఏడాది జర్మనీలోని మున్‌స్టర్ పరిశోధకులు మరో కోణం ముందుకు తెచ్చారు. అధిక వోల్టేజీ పదార్థాలతో పీఈఓ సెల్ హఠాత్తుగా విఫలం కావడానికి ఆక్సీకరణం ప్రధాన కారణం కాదని, మెత్తని పొరను చీల్చుకుని వచ్చే లిథియం కొమ్మలే కారణమని వారు వాదించారు. రెండు ధ్రువాల నడుమ ఎడం తగ్గకుండా చూస్తే ఆ వైఫల్యం కనిపించలేదన్నది వారి పరిశీలన. దీంతో 4 వోల్టుల హద్దు పాలిమర్ స్వభావమా, సెల్ నిర్మాణ లోపమా అన్న చర్చకు తెర లేచింది. రెండింటికీ పాత్ర ఉందనుకున్నా, ఒక్క మందుతో నయమయ్యే రోగం ఇది కాదని మాత్రం స్పష్టమవుతోంది.

పాలిమర్‌లో కలిపే లవణమూ చిక్కే తెస్తోంది. పీఈఓలో బాగా కరిగి వాహకత పెంచే లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ అనే లవణం అధిక వోల్టేజీ వద్ద ధన ధ్రువానికి ఆధారంగా ఉండే అల్యూమినియం రేకును తినేస్తుంది.

రెండు పొరల ఉపాయం

వోల్టేజీని తట్టుకునే పాలిమర్లు లేక కాదు. పాలీ ఎక్రైలోనైట్రైల్, పాలీ కార్బొనేట్లు, ఫ్లోరిన్ కలిసిన పీవీడీఎఫ్ వంటివి పీఈఓ కంటే ఎక్కువ వోల్టేజీకి ఓర్చుకుంటాయి. వీటిలో మొదటిది స్వెట్టర్ల అల్లికకు వాడే ఎక్రిలిక్ నూలుకు మూల పదార్థమే. ఎలక్ట్రాన్లను అంత తేలికగా వదలని అణు నిర్మాణం వీటి బలం. అయితే ఎలక్ట్రాన్లను వదలని పదార్థం, వాటిని ధారాళంగా ఇచ్చే లిథియం లోహం పక్కన చేరినప్పుడు వాటిని స్వీకరించి తానే చెడిపోతుంది. పాలీ ఎక్రైలోనైట్రైల్, పాలీ కార్బొనేట్లు రెండూ లిథియాన్ని నేరుగా తాకితే నిలవలేవు. పీఈఓకు ఈ బెడద తక్కువ.

పుట్టింటికీ మెట్టినింటికీ ఒకే మనిషి ఒకే రీతిన నచ్చడం కష్టమన్నట్లుంది ఈ వ్యవహారం. ఒక వైపు ఎలక్ట్రాన్లు లాక్కునే ధ్రువం, మరో వైపు ఎలక్ట్రాన్లు తోసే ధ్రువం. ఒకే పాలిమర్ రెండింటినీ మెప్పించలేదు.

మరి రెండు పాలిమర్లు ఎందుకు వాడకూడదు? అమెరికాలో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన గుడ్‌ఇనఫ్ సహా పరిశోధకుల బృందం 2019లో ఈ దారి చూపింది. లిథియం వైపు పీఈఓ పొర, ధన ధ్రువం వైపు మలోనిక్ అమైడ్ జాతికి చెందిన మరో పాలిమర్ పొర వేసి, రెండింటినీ ఒకదానిపై ఒకటి అతికించారు. 4 వోల్టుల తరగతికి చెందిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో ఈ సెల్ పదేపదే ఛార్జి, డిశ్చార్జి కాగలిగింది. 1980లో కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధన ధ్రువంగా ప్రపంచానికి పరిచయం చేసిన గుడ్‌ఇనఫ్, తొంభై ఏళ్లు దాటిన వయసులో దాన్ని ఘన ఎలక్ట్రోలైట్‌తో జతకట్టించే పనిలోనూ పాలుపంచుకోవడం విశేషం. ఆయన 2023లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

అమలులో కష్టాలు లేకపోలేదు. రెండు పొరల నడుమ అయాన్లు నిరాటంకంగా దాటాలి. వేడిమికి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోకూడదు. పొరలు పెరిగితే మందం, బరువు, నిరోధం పెరుగుతాయి. పైగా ద్రవం మాదిరిగా పాలిమర్ ధన ధ్రువం లోపలికి ఇంకదు కనుక, పొడి దశలోనే దాన్ని పిండిలో నూనె కలిపినట్లు ధ్రువ పదార్థంలో కలపవలసి ఉంటుంది. అలా కలిపేది అధిక వోల్టేజీకి ఓర్చే పాలిమరే కావాలి. కొందరు శాస్త్రవేత్తలు ధన ధ్రువపు రేణువులకే అల్యూమినా, లిథియం నయోబేట్ వంటి పలుచని పూత పూసి, పీఈఓ వాటిని నేరుగా తాకకుండా చూస్తున్నారు.

పింగాణీ పొడి, లోపలే గట్టిపడే ద్రవం

మరో రెండు మార్గాల్లోనూ పరిశోధనలు సాగాయి. 1998లో ఇటలీలోని రోమ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పీఈఓలో టైటానియం, అల్యూమినియం ఆక్సైడ్ల అతి సూక్ష్మ పొడిని కలిపి, అది గడ్డకట్టకుండా చేసి వాహకత పెంచారు. అనంతరం అయాన్లకు స్వయంగా దారి ఇచ్చే పింగాణీ జాతి పదార్థాలను కలపడం మొదలైంది. వీటిలో ప్రసిద్ధమైన గార్నెట్ పదార్థాన్ని 2007లో వెలువరించిన ముగ్గురిలో, తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన రామస్వామి మురుగన్ ఒకరు. పింగాణీ ఒక్కటే వాడితే పెళుసుగా పగులుతుంది. పాలిమర్‌తో కలిస్తే వంగే గుణం వస్తుంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 2019లో వేరొక పద్ధతి ప్రకటించింది. ముందుగా ద్రవాన్నే సెల్‌లో పోస్తారు. అది ప్రతి సందులోకీ ఇంకుతుంది. అందులో కలిపిన అల్యూమినియం లవణం ప్రభావంతో ఆ ద్రవం లోపలే పాలిమర్‌గా గట్టిపడుతుంది. పాలలో తోడు వేస్తే గిన్నె ఆకారంలో పెరుగు పేరుకున్నట్లన్న మాట. ఇప్పటి కర్మాగారాల్లో ద్రవం నింపే యంత్రాలనే వాడుకోవచ్చన్నది ఈ పద్ధతికున్న ఆకర్షణ.

మన ప్రయోగశాలల్లో

ఈ అన్వేషణలో తెలుగు నేలకూ భాగముంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర విభాగంలో 2000 దశకంలో పీఈఓ, పీవీపీ, పీవీఏ వంటి పాలిమర్లలో సోడియం, పొటాషియం లవణాలను కలిపి పలుచని పొరలు పోత పోసి, వాటి వాహకతను కొలిచి, చిన్న సెల్‌లు రూపొందించి పరీక్షించారు. ఆ ఫలితాలు అంతర్జాతీయ పత్రికల్లో వెలువడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1990 దశకంలోనే పీఈఓ ఆధారిత సెల్‌లపై పరిశోధనలు జరిగాయి. లిథియం కంటే చౌకగా దొరికే సోడియంపై వారు ఆనాడే దృష్టి నిలపడం గమనార్హం.

తయారీ రంగంలో అడుగులు ఆలస్యంగా పడ్డాయి. 2022 సెప్టెంబరులో తిరుపతిలోని ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయంలో లిథియం సెల్‌ల ప్రయోగాత్మక ఉత్పత్తి ఆరంభమైంది. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద భారీ సెల్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది.

'పాలిమర్' పేరు చూసి భ్రమపడొద్దు

మొబైల్ ఫోన్లు, పొలాల్లో పురుగుమందు చల్లే డ్రోన్ల బ్యాటరీలపై 'లిథియం పాలిమర్' అన్న ముద్ర తరచూ కనిపిస్తుంది. దాన్ని చూసి అందులో ద్రవం లేదని, నిప్పంటుకోదని భావించడం పొరపాటు. వాటిలో ఎక్కువ భాగం మెత్తని సంచిలో పొదిగిన మామూలు లిథియం అయాన్ సెల్‌లే. కొన్నింటిలో పాలిమర్ జాలంలో ద్రవాన్ని పీల్చి ఉంచిన జెల్ ఉంటుంది. జెల్ పద్ధతి 1990 దశకంలో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది. అందులోనూ మండే ద్రావణి ఉంటుంది. ద్రవం చుక్కైనా లేని పొడి పాలిమర్ బ్యాటరీ వేరు, సంచి బ్యాటరీ వేరు.

2022 ప్రమాదాల దరిమిలా కేంద్రం విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసింది. ఏఐఎస్ 156గా పిలిచే ఆ నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలులోకి వచ్చాయి. అంతకుముందు కొన్న వాహనాలు, విడిగా కూర్పు చేయించిన బ్యాటరీలు వాడేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* పడకగదిలో, బయటకు వెళ్లే దారికి అడ్డంగా బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టరాదు.
* రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలి నిద్రించరాదు.
* వాహనంతో ఇచ్చిన ఛార్జర్‌నే వాడాలి. వోల్టేజీ సరిపోయిందని వేరే ఛార్జర్ తగిలించరాదు.
* ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాకుండా, బ్యాటరీ చల్లబడ్డాకే ఛార్జింగ్ మొదలుపెట్టాలి.
* ఉబ్బిన, కిందపడి సొట్టపోయిన, ఘాటు వాసన వస్తున్న బ్యాటరీని వాడకుండా పక్కన పెట్టాలి. ఇంట్లో విప్పే యత్నం చేయరాదు.

1973లో షెఫీల్డ్‌లో ప్లాస్టిక్‌లో లవణం కరిగింది. 2011లో ఆ ప్లాస్టిక్ పారిస్‌లో కార్లను నడిపింది. అయితే వెచ్చగా ఉంచితేనే, తక్కువ వోల్టేజీతో సరిపెట్టుకుంటేనే. ఆ రెండు షరతులు లేకుండా, మామూలు వాతావరణంలో, 4 వోల్టులకు పైబడి వేల సార్లు ఛార్జి కాగల చౌకైన పొర చేతికొచ్చిన నాడే అది సామాన్యుడి స్కూటర్‌లోకి చేరుతుంది. అప్పటి వరకు ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ప్రతి బ్యాటరీలోనూ మండే ద్రవం ఉందన్న ఎరుకే కుటుంబానికి రక్ష.